టెస్టోస్టిరాన్ మొదలుపెట్టే ముందు, మొదలుపెట్టాక: నా రిపోర్టులు నాకు అర్థమైన తీరు

నేను కాజీపేటలో గూడ్స్ లోకో పైలట్‌ని. వయసు 46. రెండేళ్ల కింద నుంచే ఒంట్లో ఏదో తేడా ఉంది. డ్యూటీ దిగి పడుకుంటే లేవబుద్ధి కాదు, లేచినా పడుకున్నట్టే ఉండదు, చిన్నదానికీ ఇంట్లో వాళ్ల మీద అరవడం, ఇక భార్యాభర్తల మధ్య ఉండాల్సిన ఆసక్తి అయితే ఎప్పుడు పోయిందో కూడా గుర్తు లేదు. పొద్దున లేవగానే మగవాడికి సహజంగా అయ్యేది కూడా ఆగిపోయింది, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అది ఒకటని తర్వాత తెలిసింది. ఈ విషయం మా వైపు ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. మాట్లాడితే "పెండ్లాం పిల్లలున్నోనికి గిదేం ముచ్చట" అంటారు. అందుకే రాస్తున్నా, ముఖ్యంగా ఆ రక్త పరీక్షల గురించి, ఎందుకంటే మందు కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ కాగితాలే.

మొదటి రిపోర్టులో టెస్టోస్టిరాన్, అంటే మగ హార్మోన్, 1.62 అని వచ్చింది. ఫోన్‌లో వెతికితే 300 పైన ఉండాలని ఉంది. 300 ఎక్కడ, 1.62 ఎక్కడ! ఒక రోజంతా అన్నం సహించలేదు. చివరికి తేలిందేంటంటే ఆ ల్యాబ్ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తుంది, 300 అనే అంకె డెసిలీటరుకు నానోగ్రాముల్లోది. మొదటిదాన్ని 100తో గుణిస్తే రెండోది వస్తుంది, అంటే నాది 162. తక్కువే, కానీ చచ్చిపోయేంత తక్కువ కాదు. ఇంకో కొలత కూడా ఉంది, లీటరుకు నానోమోల్స్ అని, బయటి దేశాల వాళ్లు రాసేవన్నీ దాంట్లోనే ఉంటాయి. దాన్ని 28.8తో గుణిస్తే డెసిలీటరు లెక్కలోకి వస్తుంది. అంకె పక్కన ఉన్న ఆ చిన్న అక్షరాలు చూడకుండా ఇద్దరి రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

ఆ కాగితం పట్టుకుని హన్మకొండలో హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పోతే ఆయన అంకె చూడనే లేదు, పైన సాంపిల్ తీసిన టైము చూశారు. మధ్యాహ్నం 3:40. "ముందు రోజు రాత్రి ఏం చేశారు?" అన్నారు. బల్లార్షా నుంచి బండి తెచ్చి పొద్దున సైన్ ఆఫ్ అయ్యాను సార్, ఇంటికొచ్చి తిని కాసేపు పడుకుని ల్యాబ్‌కి పోయాను అన్నాను. ఆయన ఆ రిపోర్టు మడిచి పక్కన పెట్టి, ఇది లెక్కలోకి రాదు అన్నారు. ల్యాబ్‌లో ఎవరూ ఒక్క మాట అడగలేదు, రక్తం తీసి పంపారంతే.

టెస్టోస్టిరాన్ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. తిన్నాక కూడా తగ్గుతుంది, ముఖ్యంగా తీపి, పిండి పదార్థాలు తింటే. నిద్ర లేకపోతే సరే సరి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో చూసినా తప్పుడు లెక్కే వస్తుంది. అందుకే పరగడుపున, పొద్దున 10 లోపు, అదీ వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు తక్కువ వస్తేనే తక్కువ అని ఒప్పుకుంటారు. అమెరికా యూరాలజీ సంఘం వాళ్లు పెట్టుకున్న గీత 300. నాలాగా రాత్రి డ్యూటీలు తిరిగేవాళ్లకు "పొద్దున" అంటే గోడ మీది గడియారం ఒక్కటే కాదు, వరుసగా రెండు మూడు రాత్రులు ఇంట్లో పడుకుని లేచిన పొద్దున అయి ఉండాలి అన్నారు డాక్టర్. మా లింక్‌లో, అంటే డ్యూటీల వరుసలో, అలాంటి పొద్దున దొరకబట్టడమే పెద్ద పని అయింది, లీవు పెట్టాల్సి వచ్చింది.

ఇంకోటి అడిగారు, జుట్టు రాలకుండా ఏమైనా గోళీలు వాడుతున్నారా అని. వాడుతున్నాను, మా ఆవిడ తెచ్చుకున్న డబ్బాలోవే. వాటిల్లో బయోటిన్ ఉంటుంది. చాలా ల్యాబ్ మిషన్లు బయోటిన్ అతుక్కునే గుణం మీదనే పని చేస్తాయట, దాంతో ఒంట్లో బయోటిన్ ఎక్కువుంటే టెస్టోస్టిరాన్ ఉన్నదాని కంటే ఎక్కువ చూపించొచ్చు, థైరాయిడ్ టీఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (ఇదేంటో కింద చెబుతా) లాంటివి ఉన్నదాని కంటే తక్కువ చూపించొచ్చు. కొన్ని రోజులు ఆపేసి రమ్మన్నారు. ఆ డబ్బా మీద ఈ ముక్క ఎక్కడా రాసి ఉండదు.

సరిగ్గా ఇచ్చిన సాంపిల్‌లో 204 వచ్చింది. ఈసారి దానితోపాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, షుగరు మూడు నెలల లెక్క, ఐరన్ నిల్వలు చూసే ఫెరిటిన్, రక్తకణాల లెక్క చూసే సీబీపీ, అన్నీ రాశారు. రిపోర్టులో ఎల్‌హెచ్ 2.4, ఎఫ్‌ఎస్‌హెచ్ 3.1, రెండూ ల్యాబ్ రేంజ్ లోపలే, రేంజ్ దాటితే ల్యాబ్ వాళ్లు కొట్టే నల్లక్షరాలు ఎక్కడా లేవు. హమ్మయ్య ఇవన్నా బాగున్నాయి అనుకున్నా. డాక్టర్ సరిగ్గా ఆ రెండు అంకెల కిందనే పెన్నుతో గీశారు.

ఎల్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఆర్డరు, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా అక్కడి నుంచి వచ్చేదే. కింద టెస్టోస్టిరాన్ తగ్గితే పైన ఎల్‌హెచ్ పెరగాలి. బండి సెక్షన్ మధ్యలో ఆగిపోయి కదలట్లేదంటే కంట్రోల్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు రావాలి కదా, ఇక్కడ బండి ఆగింది, కంట్రోలర్ మాత్రం మామూలు రోజుల్లాగే ఒక్కసారి ఫోన్ చేసి ఊరుకున్నాడు. అంటే తప్పు కింద లేదు, పైన ఉంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉండి టెస్టోస్టిరాన్ తక్కువుంటే వృషణాల్లోనే సమస్య, చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి అక్కడ వాచినవాళ్లలో, క్లైన్‌ఫెల్టర్ అని పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువున్నవాళ్లలో అలా కనిపిస్తుంది. నాలాగా టెస్టోస్టిరాన్ తక్కువుండీ ఎల్‌హెచ్ "నార్మల్"గా ఉంటే అది నిజానికి నార్మల్ కాదు. ల్యాబ్ కంప్యూటర్ ఒక్కో అంకెనూ దాని రేంజ్‌తో మాత్రమే పోలుస్తుంది, ఒకదాన్ని పక్కదానితో కలిపి చూడదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చిన విషయం ఇదే. ఆ తర్వాత ఏ రిపోర్టు వచ్చినా నల్లక్షరాల కోసం వెతకడం మానేశాను.

పిట్యూటరీ నుంచే వచ్చే ఇంకో హార్మోన్ ప్రొలాక్టిన్ 41 వచ్చింది, మగవాళ్లకు అది ఎక్కువే. ప్రొలాక్టిన్ పెరిగితే ఎల్‌హెచ్ అణిగిపోతుంది, పిట్యూటరీలో చిన్న గడ్డ ఉన్నా పెరుగుతుంది. గడ్డ అనే మాట వినగానే మా ఆవిడ కళ్లల్లో నీళ్లు. డాక్టర్ మాత్రం తొందరపడకుండా వాడే మందులన్నీ టేబుల్ మీద పెట్టమన్నారు. రన్నింగ్ రూమ్ (బయటి ఊళ్లో మేం ఆగే రెస్ట్ రూమ్) తిండికి, వేళాపాళా లేని డ్యూటీకి నాకు గ్యాస్ ఎప్పుడూ ఉంటుంది, రోజూ పొద్దున ఒక క్యాప్సూల్ వేసుకుంటాను. దాని స్ట్రిప్ వెనక్కి తిప్పి చూపించారు, పాంటోప్రజోల్ పక్కన లెవోసల్పిరైడ్ అని ఉంది. ప్రొలాక్టిన్ పెంచేది అదే. డోంపెరిడోన్ కూడా అంతే. మన దగ్గర గ్యాస్ గోళీలు అడిగితే ఈ రెండిట్లో ఒకటి కలిసి ఉన్నవే చాలాసార్లు చేతిలో పెడతారు. ఆయన దాన్ని మార్చి ఉత్త పాంటోప్రజోల్ రాశారు, కొన్ని వారాలకు ప్రొలాక్టిన్ 13కు దిగింది. దిగకపోయినా, టెస్టోస్టిరాన్ 150 కింద ఉన్నా తలకు ఎంఆర్ఐ తీయించేవాణ్ని అన్నారు. ఆ గోళీ వల్లే టెస్టోస్టిరాన్ పడిపోయిందేమోనని నాకు ఆశ పుట్టింది, అదీ మళ్లీ చూశారు. 198. గోళీ ఒక్కటే కారణం కాదన్నమాట.

అప్పుడు కూడా టెస్టోస్టిరాన్ సూది రాయలేదు. 94 కిలోలున్నారు, గురక పెడతారు, షుగర్ లెక్క 6.1 ఉంది, ముందు ఇవి చూద్దాం అన్నారు. పొట్ట చుట్టూ కొవ్వుంటే ఎల్‌హెచ్ తగ్గుతుంది, టెస్టోస్టిరాన్‌ను మోసుకెళ్లే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ కూడా తగ్గుతుంది. గురకకు నిద్ర పరీక్ష చేయిస్తే నిద్రలో ఊపిరి ఆగడం కొద్దిగా ఉందని తేలింది. అది బాగా ఎక్కువుండి వైద్యం చేయించుకోనివాళ్లకు టెస్టోస్టిరాన్ మొదలుపెట్టరు. రాత్రి పూట అన్నం మానేసి జొన్న రొట్టెకు మారాను, డ్యూటీ లేని పూట భద్రకాళి చెరువు కట్ట మీద నడిచాను. 87కు దిగాను. టెస్టోస్టిరాన్ 226 అయింది. పెరిగింది, చాల్లేదు.

ఈసారి ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ కూడా చూసి "ఫ్రీ" టెస్టోస్టిరాన్ లెక్క కట్టారు. రక్తంలో ఉన్న టెస్టోస్టిరాన్‌లో చాలా భాగం ఈ రెండు ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది, విడిగా తిరిగేది నూటికి రెండు మూడు పాళ్లే. ఎస్‌హెచ్‌బీజీకి అతుక్కున్నది ఒంటికి సులువుగా అందదు. నాది ఎస్‌హెచ్‌బీజీ 21, ఫ్రీ డెసిలీటరుకు 5.5 నానోగ్రాములు వచ్చింది. మా డాక్టర్ చూసే గీత దాదాపు 6.5. ఇదే 226 మొత్తం ఉన్న ఇంకో లావుపాటి మనిషికి ఎస్‌హెచ్‌బీజీ 10 ఉంటే ఫ్రీ 7 దాటుతుంది, అతనికి సూది అవసరం ఉండకపోవచ్చు. మొత్తం 400 ఉండి, రిపోర్టులో అంతా బాగుందని ఉన్న సన్నటి పెద్దాయనకు ఎస్‌హెచ్‌బీజీ 60 ఉంటే ఫ్రీ నా అంతే, 5.4 దగ్గర ఆగుతుంది. వయసు పెరిగే కొద్దీ, థైరాయిడ్ ఎక్కువైనా ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది. ల్యాబుల్లో "ఫ్రీ టెస్టోస్టిరాన్" అని నేరుగా మిషన్ మీద చేసే పరీక్ష ఒకటుంది, దాన్ని నమ్మొద్దన్నారు. ఎస్‌హెచ్‌బీజీ తీసుకుని లెక్క కట్టడమే మేలు.

మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క ప్రశ్న రెండుసార్లు అడిగారు, ఇంకా పిల్లలు కావాలా అని. మాకు ఇద్దరు, ఆపరేషన్ కూడా అయిపోయింది. కావాలంటే ఈ మందు ఇవ్వను, వేరే దారి చూస్తాను అన్నారు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తే పైనుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆగిపోతాయి, వీర్యకణాలు తయారవడం దాదాపు బందవుతుంది. మా బామ్మర్ది జిమ్‌లో ఎవరో చెబితే కండలకని ఇదే సూది వేయించుకునేవాడు, పెళ్లయింది, పిల్లల కోసం టెస్టు చేయిస్తే కౌంట్ సున్నా. ఆపేశాడు. తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పాపం వాడి ఇంట్లో మాత్రం ఆ పిల్లనే తప్పు పట్టారు చాలా రోజులు.

ముందు జెల్ రాశారు. భుజాలకు, పైచేతులకు రాసుకోవాలి, ఆరేదాకా ఎవరూ తాకకూడదు, పిల్లలకు అంటితే వాళ్లకు ప్రమాదం. జెల్ వాడేవాళ్లు రక్తం ఇవ్వాల్సింది రాసుకున్నాక రెండు నుంచి ఎనిమిది గంటల మధ్య, అదీ వాడడం మొదలుపెట్టి కనీసం వారం దాటాక. మొదటి పరీక్షలో నాకు 1,480 వచ్చింది! నేను జెల్ రాసుకున్న చేతికే రబ్బరు కట్టి, మోచేతి మడత దగ్గర సూది గుచ్చారు. ఆ చర్మం మీద మిగిలిన జెల్ కొద్దిగా సూదితో పాటు గొట్టంలోకి పోయినా అంకె అలా ఎగిరిపోతుంది. ఇంకోరోజు మోచేతుల దగ్గర పూయకుండా, సబ్బుతో కడుక్కుని, రెండో చేతి నుంచి ఇస్తే 410. అదే మనిషి, అదే మందు.

జెల్ నాకు కుదరలేదు. మే నెలలో ఇంజిన్ క్యాబ్‌లో కూర్చుంటే ఒళ్లంతా చెమటే, పైగా ఇంట్లో చిన్నది ఎప్పుడూ భుజం మీదే ఉంటుంది. అందుకని టెస్టోస్టిరాన్ ఎనాంతేట్ సూదికి మారాము, పిరుదుకు, పదిహేను రోజులకోసారి. ఇక్కడ మళ్లీ టైము గొడవ, ఈసారి గడియారం టైము కాదు, సూది వేసిన రోజు నుంచి లెక్క. వేసిన రెండు మూడు రోజులకు టెస్టోస్టిరాన్ బాగా పైకి పోతుంది, తర్వాత మెల్లగా జారి, మళ్లీ సూది వేసే రోజుకు అడుగున ఉంటుంది. ఆ పదిహేను రోజుల్లో ఏ రోజు చూస్తే ఆ రోజు కథ చెబుతుంది. అందుకే రెండు సూదుల మధ్యలో, అంటే ఏడో ఎనిమిదో రోజు ఇవ్వాలి, అది మధ్యస్థంగా 450 నుంచి 600 లోపుంటే చాలు. నాది 540. మూడు నెలలకోసారి వేసే అన్‌డెకనోయేట్ సూది వాడేవాళ్లయితే తర్వాతి సూదికి కొంచెం ముందు ఇవ్వాలి. నాలాగే సూది వాడే ఇంకో డ్రైవరన్న రెండో రోజు ఇచ్చి 1,150 చూసుకుని భయపడి మందే మానేశాడు. సాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారం మీద "సూది వేసిన తేదీ" అని నేనే పెన్నుతో రాస్తున్నా ఇప్పుడు, ల్యాబ్ పిల్లగాడు నవ్వుకున్నా సరే.

సూది మొదలయ్యాక ఎల్‌హెచ్ 0.1 కంటే తక్కువ అని వచ్చింది. మా బామ్మర్ది చూసి "బావా, నీది కూడా సున్నా అయింది" అని ఫోన్ చేశాడు. అది అలాగే అవ్వాలి. బయటి నుంచి వస్తుంటే పైనున్న పిట్యూటరీకి పనేముంది. ఆ పరీక్ష మళ్లీ చేయించడం డబ్బులు దండగ అని డాక్టర్ కొట్టేశారు.

నిజంగా కళ్లు పెట్టి చూడాల్సింది సీబీపీలో పీసీవీ అనే లైను. హెమటోక్రిట్ అన్నా అదే, రక్తంలో ఎర్రకణాలు నూటికి ఎంత వంతు ఉన్నాయన్నది. టెస్టోస్టిరాన్ ఎముక మజ్జను తొందరపెట్టి ఎర్రకణాలు ఎక్కువ చేయిస్తుంది, ఐరన్‌ను తాళం వేసి పెట్టే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను కూడా తగ్గిస్తుంది. రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. జెల్ కన్నా సూదితో ఇది ఎక్కువ. మొదలుపెట్టే ముందే 50 దాటి ఉంటే చాలామంది డాక్టర్లు మొదలుపెట్టరు, మొదలయ్యాక 54 దాటితే ఆపేస్తారు. నాది మొదట 45.8, మూడు నెలలకు 49.5, ఆరు నెలలకు 52.9. హిమోగ్లోబిన్ 17.6 చూసి మా ఆవిడ సంతోషపడింది, రక్తం బాగా పట్టింది అని. మొహం కూడా ఎర్రగా అయింది, చుట్టాలు "రంగు తేలినవ్" అన్నారు. ఆ రంగు అంత మంచి రంగు కాదు.

52.9 వచ్చిన రోజు ఎండాకాలం, రాత్రంతా బండి మీద ఉండి, నీళ్లు సరిగ్గా తాగకుండా వచ్చి ఇచ్చిన సాంపిల్ అది. ఒంట్లో నీళ్లు తగ్గితే పీసీవీ ఉన్నదాని కన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండు రోజులు బాగా నీళ్లు, మజ్జిగ తాగి మళ్లీ ఇస్తే 51.3. అదీ ఎక్కువే కాబట్టి మోతాదు తగ్గించి, పదిహేను రోజులకు వేసేదాన్ని సగం చేసి వారానికోసారి వేస్తున్నారు, అలా అయితే ఎత్తుపల్లాలు తగ్గుతాయి. సిగరెట్, నిద్రలో ఊపిరి ఆగడం, ఈ రెండూ పీసీవీని పెంచేవే, సిగరెట్ నేను ఎప్పుడో మానేశాను. రక్తదానం చేస్తే దిగుతుందట కదా సార్ అంటే, దిగుతుంది, కానీ మోతాదు తగ్గించకుండా అదే పనిగా రక్తం ఇస్తే ఐరన్ అయిపోయి కొత్త నీరసం తెచ్చుకుంటారు అన్నారు.

పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష మగవాళ్లకుండే ప్రోస్టేట్ గ్రంథి కోసం. నాది 0.8 నుంచి 1.1 అయింది. 4 దాటినా, మొదటి ఏడాదిలో 1.4 కన్నా ఎక్కువ పెరిగినా యూరాలజిస్ట్‌కు చూపించాలి. పరీక్షకు ముందు రెండు రోజులు కలయిక, సైకిల్ తొక్కడం వద్దు, వాటితో కూడా పెరుగుతుంది. ఎస్ట్రడయోల్ అనే ఆడ హార్మోన్ 39 వచ్చింది. ఒంట్లో టెస్టోస్టిరాన్‌లో కొంత అలా మారడం మామూలే, ఎముకలకు అది కావాలి కూడా. మెడికల్ షాపు కుర్రాడు "అన్నా, దానికి అనాస్ట్రజోల్ వేసుకో, అందరూ వేసుకుంటున్నరు" అన్నాడు, అది ఎస్ట్రడయోల్ తగ్గించే గోళీ. రొమ్ము దగ్గర నొప్పి, వాపు ఏమీ లేనప్పుడు అంకె కోసం గోళీ మింగేది లేదు అని డాక్టర్ తేల్చేశారు. మంచి కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గింది, దాని మీద కన్ను ఉంచుతున్నారు.

గుండె గురించి మా అన్న బాగా భయపెట్టాడు. డాక్టర్‌ను అడిగితే 2023లో వచ్చిన ట్రావర్స్ అనే పెద్ద పరీక్ష సంగతి చెప్పారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్లు, 45 నుంచి 80 ఏళ్ల మగవాళ్లు 5,200 మందికి పైగా అందులో ఉన్నారు. సగం మందికి టెస్టోస్టిరాన్ జెల్, సగం మందికి మందు లేని ఉత్త జెల్. గుండెపోటు, పక్షవాతం టెస్టోస్టిరాన్ వాడినవాళ్లలో ఎక్కువేం కాలేదు. కానీ గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగలడం, ఈ మూడూ వాళ్లలో కొంచెం ఎక్కువ కనిపించాయి. రైలు నడిపేవాణ్ని కాబట్టి లయ తప్పడం అనేది నాకు చిన్న విషయం కాదు. గుండె దడగా అనిపించినా, ఒక కాలు మాత్రమే వాచినా, ఊపిరి ఆడకపోయినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దని చెప్పారు.

ఇప్పుడు ఆసక్తి తిరిగి వచ్చింది, చిరాకు తగ్గింది. నీరసం పూర్తిగా పోలేదు, రాత్రి డ్యూటీల నీరసం ఏ సూదికీ పోదని డాక్టర్ ముందే చెప్పారు. పీసీవీ 49.2 దగ్గర ఆగింది. వచ్చే నెల సీబీపీ, పీఎస్‌ఏ, సూదుల మధ్య రోజు చూసుకుని టెస్టోస్టిరాన్, ఈసారి వాటితో పాటు ఈసీజీ కూడా రాశారు.